వరండా అంత కంప్యూటరు

మా స్కూలు వరండాకి టైల్స్ వేశారు. తెల్లగా, నున్నగా ఉన్నాయి, చూసుకుని అడుగు వేయకపోతే జారుతున్నాయి. పోయిన నెల కొత్త కంప్యూటర్ ల్యాబుకి రిబ్బను కత్తిరించమని హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోన్ చేసి పిలిస్తే నరసరావుపేటలో బస్సెక్కి పిడుగురాళ్ల వెళ్లాను. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి పిలిచారు. వాళ్లకి తెలియని సంగతి ఏమిటంటే, నేను ఆ పాఠం నేర్చుకున్నది ఆ వరండాలోనే. అప్పుడక్కడ నాపరాళ్లు ఉండేవి. నా కళ్లు మాటిమాటికీ వాటికోసమే కిందికి చూస్తుంటే, పాపం ఆవిడ నాకు మోకాళ్ల నొప్పులేమో అనుకుని చెయ్యి పట్టుకుని నడిపించింది. నేనూ కాదనలేదు.

నేను హైస్కూల్లో చదివే రోజుల్లో పిడుగురాళ్లలో తెల్లబడని వస్తువు ఉండేది కాదు. సున్నం బట్టీల దుమ్ము కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ల బిందె మూత మీద కూడా పేరుకునేది. అమ్మ పొద్దున లేవగానే చేసే మొదటి పని తడిగుడ్డతో ఇల్లంతా తుడవడం. మధ్యాహ్నానికి మళ్లీ అదే పని. మాకు ఊరి చివర మిరప చేను ఉండేది. కాయలు ఎండే రోజుల్లో డాబా మీద నుంచి ఘాటు దిగి వచ్చి ఇంటికొచ్చిన చుట్టాలంతా దగ్గేవాళ్లు, మాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఆ ఇంటిని నడిపింది నాన్న అని నాన్న అనుకునేవాడు. నడిపింది మా నాయనమ్మ. తెల్లారి వంటకి బియ్యం కొలవడం ఆవిడ హక్కు. ఇత్తడి మానిక నిండా బియ్యం తీసి, అరచేత్తో పైన చదును చేసి, గిన్నెలో పోస్తూ పైకి లెక్క చెప్పేది. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి మానికని ఒకటి అనరు. ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. శుభమా అని కొలత మొదలుపెడుతూ ఒంటరిగా ఒకటి అనడమేమిటని వాళ్ల ఉద్దేశం. నాయనమ్మకి చూపు మందగించాక కొలిచే పని ఆవిడది, పక్కన కూర్చుని లెక్క పైకి చెప్పే పని నాది. పళ్లు తోముకోకముందే నా నోట్లోంచి వచ్చే మొదటి మాట లాభం.

ఆ కాలంలోనే ప్రభుత్వం వాళ్లు కొన్ని హైస్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చారు. మా ఊళ్లో మగపిల్లల స్కూలూ ఆడపిల్లల స్కూలూ పక్కపక్కనే, మధ్యలో ఒక ప్రహరీగోడ. వచ్చింది ఒకటే మిషను, రెండు స్కూళ్లకీ కలిపి. అది సహజంగానే గోడకి అవతల, మగపిల్లల వైపు దిగింది. వాళ్ల హెడ్మాస్టరు గారు దాన్ని తన గది పక్క గదిలో పెట్టించి, దుమ్ము రాకుండా కిటికీలకి అట్టలు కొట్టించి, పసుపు కుంకుమ పెట్టి, కొత్త తువ్వాలు కప్పి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. గది బయట చెప్పులు విడవాలి. మగపిల్లలకి కూడా వారంలో ఒకసారే దర్శనం. మాకు అదీ లేదు. మా రజియా టీచర్ వెళ్లి అడిగితే ఆయన అన్న మాటలు ఆ సాయంత్రానికే గోడ దాటి మాకు చేరాయి.

“ఆడపిల్లలు తలా ఒక మీట నొక్కితే పాడైపోయిద్దమ్మా. గుంటూరు నుంచి ఆఫీసరుగారు వస్తారంట. మీ పిల్లలకి అదేందో తెలిసిందని ఆయన ముందు చూపించండి. ఆయన సరేనంటే అప్పుడు చూద్దాం.”

మిషను ముట్టుకోనివ్వకుండా మిషను తెలుసని చూపించడం ఎలా? మామూలు మనిషైతే అక్కడే ఊరుకునేది. రజియా టీచర్ మామూలు మనిషి కాదు. లెక్కల టీచరు. వాళ్ల నాన్న లారీలు బాగుచేసే మెకానిక్. సున్నపు లారీ ఇంజన్ల కింద పడుకుని ఆయన విప్పుతుంటే పక్కన నిలబడి ఏ నట్టు ఎక్కడిదో చెబుతూ పెరిగిందావిడ. కంప్యూటరు శిక్షణకి రెండు స్కూళ్ల నుంచీ ఇద్దరిని పంపితే, ఆ బ్యాచ్ మొత్తంలో ఆడమనిషి తానొక్కతే. తిరిగొచ్చాక మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది.

“ఆ మిషను పెట్టెలో ఉన్నవాళ్లకి బుర్ర లేదే. చెప్పింది చేస్తారు, చెప్పంది చెయ్యరు, అంతే. మీరు బుర్ర ఉన్నోళ్లు. మీరు ఆ పెట్టెలో ఉన్నోళ్లలాగా ఉండగలరా? అది నేర్చుకుంటే మిషను వచ్చినట్టే.”

మర్నాడు బట్టీ నుంచి బకెట్ నిండా సున్నం వచ్చింది. మా ఊళ్లో దానికి కొదవేముంది! ఆవిడ చీర కుచ్చిళ్లు దోపుకుని వరండా నాపరాళ్ల మీద సున్నంతో వరసగా గళ్లు గీసింది. ఒక్కో గడిలో ఒక్కో పిల్ల, పిల్ల చేతిలో పలక, పలక మీద ఒక అంకె. ఆ అంకెలన్నీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసలోకి రావాలి, అదీ పని. నా స్నేహితురాలు కోటేశ్వరి నడిచే పిల్ల. వరస మొదట్లోంచి బయల్దేరి, పక్కపక్కనున్న రెండు పలకలు చూస్తుంది. ముందున్నది పెద్దదైతే “మార్చుకోండి” అంటుంది, వాళ్లు పలకలు మార్చుకుంటారు. తర్వాత జంట దగ్గరికి పోతుంది. అలా చివరిదాకా వెళ్లాక మళ్లీ మొదటికి వస్తుంది. ఎన్నో చుట్టో గట్టిగా చెప్పడానికి ఇంకో పిల్ల ఆదిలక్ష్మి. ఆమె చెబితేనే కోటేశ్వరి కదలాలి. ఒక చుట్టు మొత్తం తిరిగినా ఎవరూ పలకలు మార్చుకోలేదంటే పని అయిపోయినట్టు. ఎవరి పని వాళ్లకి ఒక అట్టముక్క మీద రాసి మెడలో తాడుకట్టి వేసింది టీచర్. అట్టమీద ఉన్నది చెయ్యాలి, లేనిది చెయ్యకూడదు.

వినడానికి ఇంత తేలికైన పని చెయ్యడానికి మాకు ప్రాణం మీదికొచ్చింది. ఎందుకంటే మాకు సాయం చేసే రోగం. పక్క గడిలో పిల్ల దగ్గర చిన్న అంకె కనపడుతూనే ఉంటుంది, కోటేశ్వరి వచ్చేదాకా ఆగకుండా మేమే గబగబా మార్చేసుకునేవాళ్లం. ఇంట్లో చెప్పకముందే పని అందుకుంటే బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు కదా, ఆ మెప్పుకి అలవాటుపడినవాళ్లం. టీచర్ చప్పట్లు కొట్టి ఆపి, ఎక్కువగా నన్నే అనేది. “నీ కళ్లకి కనపడిన సంగతి మిషనుకి కనపడదే పద్మా. నీ అట్టలో ఉందా? లేదుగా. నిలబడు!” మా అందరిలోకీ మొదటిరోజు నుంచే తప్పు చెయ్యంది కోటేశ్వరి ఒక్కతే. ఇంట్లో వాళ్లమ్మ రోజుకోసారి మొండిఘటం అని తిట్టే పిల్ల. చెప్పిన మాట మీద నిలబడిందంటే పిడుగు పడినా కదలదు. ఆ గుణానికి ఒక ఉపయోగం ఉందని దానికి జీవితంలో మొదటిసారి తెలిసింది. వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి అది నడిచే తీరు చూడాలి, మెడలో అట్ట కాదు, కాసులపేరు వేసుకున్నట్టు నడిచేది.

టీచర్ పెట్టిన ఇంకో కట్టుబాటు ఉంది. మధ్యలో మిషను ఆగిపోతే ఎవరూ ఎవర్నీ అనకూడదు. నెట్టకూడదు, సైగ చెయ్యకూడదు. మొదటి గడి నుంచి ఎవరి అట్ట వాళ్లు పైకి చదవాలి. చదువుకుంటూ పోతే ఎక్కడ చిక్కుపడిందో అదే బయటపడుతుందనేది. “తప్పు పిల్లలో వెతకమాకండి. రాసినదాంట్లో వెతకండి” అని ఆవిడ అన్నమాట నా ఉద్యోగమంతా నా వెంట ఉంది.

సాయంత్రాలు ఆలస్యంగా ఇంటికి పోతున్నానని నాన్న విసుక్కుంటుంటే టీచరే ఒకరోజు తన సైకిలు మీద మా ఇంటికొచ్చింది. నాన్న చేలోంచి ఇంకా రాలేదు. నాయనమ్మ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అసలు సంగతి అడిగింది.

“ఏందమ్మా రజియా, ఆ మిషను ఏం చేసిద్దంట?”

“చెప్పినట్టు చేసిద్ది పెద్దమ్మా.”

“ఎదురు చెప్పదా?”

“చెప్పదు.”

“అట్టాంటిది ఈ ఇంట్లో ఒక్కటీ లేదు. ముందు మాకొకటి తెచ్చిపెట్టు” అంది నాయనమ్మ. తర్వాత నాన్న వస్తే ఆవిడే చెప్పేసింది, పిల్ల దీపాలు పెట్టే వేళకి వచ్చిద్ది, నువ్వు మధ్యలో మాట్లాడమాక అని. నాన్న మాట్లాడలేదు.

ఆఫీసరుగారు వచ్చిన రోజు సరిగ్గా మిరపకోతల మధ్యలో పడింది. కోతలంటే మా క్లాసు సగానికి సగం చేలల్లో ఉండేది. లెక్క చెప్పే ఆదిలక్ష్మి కూడా రాలేదు. పలక పట్టుకునే నన్ను లాగి ఆమె స్థానంలో నిలబెట్టింది టీచర్, ఊరంతటికీ వినపడే నోరు నాది గనక. ఆదిలక్ష్మి అట్ట నా మెడలోకి వచ్చింది. దానిమీద ‘మొదటి చుట్టుకి మొదటి అంకె, తర్వాతి చుట్టుకి తర్వాతి అంకె గట్టిగా చెప్పాలి’ అని ఉంది. ఇందులో కష్టమేముంది అనుకున్నాను. ఆఫీసరుగారు సన్నగా, పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని ఉన్నారు. పక్కన మగపిల్లల స్కూలు హెడ్మాస్టరు గారు, వెనకాల కొందరు టీచర్లు. ప్రహరీగోడ మీద వరసగా మగపిల్లల తలకాయలు. ఆఫీసరుగారికి మేం ముందే వల్లెవేసి వచ్చామేమోనన్న అనుమానం వచ్చినట్టుంది, అంకెలు తానే చెప్పారు. పిల్లలు పలకల మీద రాసుకున్నారు. రజియా టీచర్ నాకేసి తల ఊపింది. ఈరోజు ఇది ఆగిందంటే ఆ గది తలుపు మాకు ఎప్పటికీ తెరుచుకోదని అందరికీ తెలుసు. గొంతు సవరించుకుని ఊరంతా వినపడేట్టు అరిచాను.

“లాభం!”

కోటేశ్వరి కదల్లేదు.

ఒక్క క్షణం చూశాను. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా “లాభం!” అన్నాను. అది స్తంభంలా నిలబడి ఎదురుగా గోడకేసి చూస్తోంది. గడుల్లో పిల్లలు గుసగుసగా “నడవ్వే, నడువు” అంటున్నారు. నాకు దాని వీపు మీద ఒకటి చరచాలన్నంత కోపం వచ్చింది. గోడ మీంచి ఎవడో ఈల వేశాడు. హెడ్మాస్టరు గారు నవ్వి, “నేను చెప్పలేదండీ? చిన్నపిల్లలు, వాళ్లకెందుకిట్టాంటివి” అన్నారు. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు.

రజియా టీచర్ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. కోటేశ్వరికి ఒక్క సైగ చేస్తే చాలు, అది నడిచేది, గండం గడిచేది. ఆవిడ చెయ్యలేదు. తన కట్టుబాటు తాను దాటలేదు. “మిషను ఆగిందండీ. ఎందుకాగిందో పిల్లలే చూసుకుంటారు” అని ఆఫీసరుగారితో చెప్పి, చేతులు కట్టుకుని నిలబడింది. మొదటి గడి పిల్ల తన అట్ట చదివింది. రెండో పిల్ల చదివింది. ఒక్కొక్కరే చదువుతూ పోయారు. గడుల్లో వాళ్లందరూ అయ్యాక నా వంతు. చదివాను. “మొదటి చుట్టుకి మొదటి అంకె గట్టిగా చెప్పాలి. చెప్పాను టీచర్, రెండుసార్లు చెప్పాను” అన్నాను, ఏడుపొక్కటే తక్కువ. చివరికి కోటేశ్వరి. నిలబడ్డచోటు నుంచి కదలకుండానే మెడలో అట్ట ఎత్తి చదివింది.

“‘ఒకటి’ అని వినపడగానే మొదటి జంట దగ్గరికి నడవాలి. నాకు ఒకటి అని వినపళ్లేదు టీచర్. ఇది లాభం అంటంది.”

మొదట నవ్వింది ఆఫీసరుగారు. చిన్న నవ్వు కాదు, కళ్లజోడు తీసి తుడుచుకునేంత నవ్వు. “మా అమ్మ కూడా అంతేనమ్మా. వడ్లు కొలిచేటప్పుడు లాభం అని తప్ప ఒకటి అననిచ్చేది కాదు” అని, “సరే, ఇప్పుడేం చేస్తారు?” అన్నారు.

“ఏం మారుద్దామే?” అని టీచర్ మమ్మల్నే అడిగింది.

“పద్మ ఒకటి అనాలి టీచర్” అన్నారు పిల్లలందరూ.

కోటేశ్వరి ఒక్కతే అడ్డం తిరిగింది. “దాని అట్టలో మొదటి అంకె అనే ఉంది. అది తప్పేం చెయ్యలేదు. నా అట్ట మార్చండి టీచర్. లాభం అంటే నడుస్తా” అంది.

అంతమంది ముందు నన్ను వెనకేసుకొచ్చింది. టీచర్ పెన్సిల్ తీసి, కోటేశ్వరి మెడలో అట్టమీద ‘ఒకటి’ కొట్టేసి ‘లాభం’ అని రాసింది. నేను మళ్లీ అరిచాను. మాట పూర్తికాగానే కోటేశ్వరి కాలు కదిలింది. ఇక ఆ నడకని ఆపేవాడు లేడు. పలకలు ఒకదాని తర్వాత ఒకటి చేతులు మారాయి, చుట్టు మీద చుట్టు తిరిగింది. చివరి చుట్టులో ఎవరూ మార్చుకోలేదు, కోటేశ్వరి ఆ చివర నిలబడి “అయిపోయింది” అంది. ఆఫీసరుగారు వరస వెంట నడుస్తూ ప్రతి పలకా చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. గోడమీద తలకాయల్లో ఒక్కటీ ఈల వెయ్యలేదు.

ఆయన హెడ్మాస్టరు గారి వైపు తిరిగి, “మీ పిల్లల దగ్గర మిషను ఇట్లా ఆగిపోతే ఏం చేస్తారండీ?” అని అడిగారు.

“ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తారండీ” అన్నారాయన, పాపం ఉన్నమాట చెప్పారు.

“అయితే తాళంచెవి ఒకటి ఈ టీచరు దగ్గర కూడా ఉండాలి” అన్నారు ఆఫీసరుగారు.

ఆ శనివారం గోడ అవతలికి వెళ్లాం. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తడి కాళ్లతో పోతే ఏమవుతుందోనని లంగాలతోనే తుడుచుకుని లోపలికి వెళ్లాం. రజియా టీచర్ తువ్వాలు తీసింది. టీవీ లాంటి దానిమీద ఒక గీత మినుకుమినుకుమంటూ కనిపించింది. మా వరండాని దాంట్లోకి ఎక్కించాం. మా అట్టలమీద రాసినవన్నీ దానికి అర్థమయ్యే వాక్యాలుగా మార్చి టీచర్ చెబుతుంటే ఒక్కో పిల్లా ఒక్కో వరస కొట్టింది. మొదటి చుట్టు అంకెకి ఒక పేరు పెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో లాభం అని కొట్టింది నేను. ఆ మిషను దాన్ని ఏ పేచీ లేకుండా ఒప్పుకుంది. చివరి మీట కోటేశ్వరి చేత నొక్కించింది టీచర్. నొక్కీ నొక్కకముందే అంకెలు వరసలో నిలబడ్డాయి. మేం అరుద్దామని ఊపిరి బిగబట్టి ఉన్నాం, అరవడానికి కూడా సమయం ఇవ్వలేదు. “అంతేనా?” అంది కోటేశ్వరి. “అంతా మనం చేసిందేగా!” అంది మళ్లీ తనే. ఇంటికొచ్చి నాయనమ్మకి చెబితే ఆవిడ ఆశ్చర్యపడింది మిషను గురించి కాదు. “లాభం అంటే తెలవక ఆ పిల్ల అట్టా నిలబడిపోయిందా? కోటయ్యగారి మనవరాలేగా అది, వాళ్లింట్లో వడ్లు కొలవరా?” అంది. తెలియక కాదని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

కోటేశ్వరి పదోతరగతి తర్వాత చదవలేదు. ఇప్పుడు క్రోసూరులో ఉంటుంది, ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతుంది. జాకెట్టు చేతి దగ్గర ముడత పడితే పిల్లని తిట్టదు, కొలత దగ్గర్నుంచి ఏం చేసిందో వరసగా పైకి చెప్పమంటుంది. ఆ మాట అది ఫోన్లో చెప్పినరోజు నేను ఎంత సంతోషపడ్డానో నా డిగ్రీలకి కూడా అంత పడలేదు. రజియా టీచర్ ఇప్పుడు లేరు. నేను కాలేజీలో ఏ బ్యాచ్‌కైనా మొదటి క్లాసులో కంప్యూటరు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. చాక్‌పీసుతో నేలమీద గళ్లు గీసేదాన్ని. కొందరు తల్లిదండ్రులు ప్రిన్సిపాలుకి ఫిర్యాదు కూడా చేశారు, ఇంత ఫీజు కట్టింది తొక్కుడుబిళ్ల ఆడించడానికా అని. నేను మానలేదు. ఆ సంగతి చెప్పుకోవడంలో నాకు మొహమాటమేమీ లేదు, గర్వంగానే ఉంది.

కొత్త ల్యాబు బాగుంది. తలకొక మిషను, చల్లటి గాలి, అద్దాల తలుపులు. ఊళ్లో దుమ్ము అలాగే ఉంది గానీ లోపలికి రాలేదు. పిల్లలు చకచకా కొడుతున్నారు. మాకు ఏడాది పట్టిన సంగతులు వీళ్లకి వారంలో వస్తున్నాయి, చూస్తే ముచ్చటేసింది. ఎక్కడైనా ఆగితే మాత్రం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తున్నారు. నాకు హెడ్మాస్టరు గారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. రిబ్బను, టీ, ఫొటోలు అన్నీ అయ్యాక వరండాలోకి వచ్చి నిలబడితే, రెండు జడల పిల్ల ఒకతె నా వెనకాలే వచ్చింది. నేను ఈ స్కూల్లోనే కంప్యూటరు నేర్చుకున్నానని ఎవరో చెప్పారట.

“అప్పుడు మీ కంప్యూటరు యాడ ఉండేది మేడమ్? ఏ రూమ్‌లో?”

“రూములో పట్టేది కాదు. అదిగో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఉండేది. నువ్విప్పుడు నిలబడ్డది కోటేశ్వరి చోటు. చెప్పేదాకా కదలమాక” అన్నాను.

ఆ పిల్ల కిందికి చూసుకుంది. టైల్స్ తప్ప అక్కడేమీ లేదు. నాకేసి చూసి నవ్వింది గానీ, కాళ్లు రెండూ దగ్గరికి పెట్టుకుని అక్కడే నిలబడింది. లోపల్నుంచి బెల్లు కొట్టారు, స్నేహితురాళ్లు రమ్మని కేకేశారు. కదల్లేదు.

నేను గొంతు సవరించుకున్నాను.

“లాభం” అన్నాను.